నిలబడి చూసిన సినిమా

మా పెద్ద బావగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పదిన్నర ప్రాంతంలో ఆయన కొడుకు సైకిలు మీద వచ్చి చెప్పాడు. నేను అప్పుడు వాకిట్లో చాప పరిచి ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. ఇంటి వెనక షెడ్డులో మా నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో అతని మాట నాకు మొదటిసారి వినిపించలేదు. "నాయిన పోయిండు చిన్నమ్మా" అని రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాటను ఒక మనిషి చేత రెండుసార్లు చెప్పించానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను షెడ్డులోకి వెళ్లి మా ఆయనకు సైగ చేశాను. ఆయన మగ్గాలు ఒక్కొక్కటే ఆపారు. షోలాపురంలో మా నీలం నగర్‌లో కరెంటు పోతే వాడంతా మగ్గాలు ఒకేసారి ఆగుతాయి. అలా కాకుండా ఒక ఇంట్లో ఒక్కొక్కటే ఆగి, తర్వాత పక్కింట్లో, ఆ పక్కింట్లో ఆగుతూ పోతే ఎవరో పోయారని అర్థం. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే పది నిమిషాల్లో మా వరుసంతా నిశ్శబ్దమైపోయింది.

బావగారి గురించి నాలుగు మాటలు రాసివ్వమని మా వాడలో పత్రికలు చదువుకునే వాచనాలయం వాళ్లు అడిగారు. నేను ఇంటి పద్దు పుస్తకం రోజూ రాస్తానని వాళ్లకు తెలుసు. రాసే చెయ్యి ఏదైనా రాస్తుందనుకున్నారు కాబోలు. నమూనా కోసం ఒక కాగితం కూడా ఇచ్చారు. అందులో "సౌమ్యులు, మితభాషి, అందరికీ ఆదర్శప్రాయులు" అని ముందే రాసి ఉంది. పేరు రాయాల్సిన చోట మాత్రమే ఖాళీ. ఆ కాగితం చదివినప్పటి నుంచీ నాకు చిరాకుగానే ఉంది. ఆయన మితభాషి కాదు. ఆయన నోరు తెరిస్తే మూడిళ్ల అవతలికి వినపడేది. సౌమ్యులు కూడా కాదు. చాయ్ చల్లారితే గ్లాసు పక్కకు నెట్టేవారు. మగ్గాన్ని సరిగా చూసుకోని మనిషిని, అతను ఎంత పెద్ద సేఠ్ అయినా సరే, నలుగురిలో కడిగేసేవారు. ఆ కాగితం వాళ్లకే తిరిగి ఇచ్చేశాను. నాకు తెలిసినది నేను రాస్తాను.

ఆయన మా ఆయనకు సొంత అన్న, ఇంటికి పెద్దకొడుకు. మా ఇళ్లలో భర్త అన్న అంటే మామగారితో సమానం. ఆయన ఎదుట తమ్ముడి భార్య కూర్చోకూడదు. ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఈ పద్ధతి కరీంనగర్ వైపు నుంచి మా పెద్దవాళ్లతో పాటు షోలాపురం వచ్చింది. ఇక్కడికి వచ్చాక మా మాటలో మరాఠీ కలిసింది, మా తిండిలో పల్లీల చట్నీ కలిసింది. ఈ పద్ధతిలో మాత్రం ఏమీ కలవలేదు. వచ్చింది వచ్చినట్టే ఉంది.

నాకు పెళ్లయ్యేసరికే ఆయన భార్య లేదు. కుంఠా నాకా దగ్గర కొడుకు దగ్గర ఉండేవారు. ప్రతి ఆదివారం తల్లిని చూడడానికి మా ఇంటికి వచ్చేవారు. వచ్చి చేతుల కుర్చీలో కూర్చునేవారు. నేను వంటింటి గడప దగ్గర నిలబడేదాన్ని. "మీ అమ్మకు చెప్పు, చాయ్‌ల చక్కెర తక్కువెయ్యమని" అని మా అమ్మాయితో అనేవారు. నేను ఆయనకు మూడు గజాల దూరంలో ఉండేదాన్ని. నా జవాబు నేను మా అమ్మాయికి మెల్లగా చెబితే, అది పెదనాన్న చెవి దగ్గర నోరు పెట్టి అరిచేది. ఎందుకంటే ఆయనకు చెవుడు. మా మధ్య ఉన్నది పద్ధతి ఒక్కటే అయితే ఎలాగో ఉండేది. పద్ధతికి తోడు చెవుడు. చక్కెర సంగతి తేలడానికే అయిదు నిమిషాలు పట్టేది.

ఆ చెవుడు మగ్గాలు ఇచ్చినదే. చిన్ననాటి నుంచీ పవర్‌లూమ్ షెడ్లలో జాబరు పని చేశారు. మగ్గం మొరాయిస్తే బాగుచేసే మనిషిని మా దగ్గర జాబరు అంటారు. మామూలుగా జాబర్లు చప్పుడు విని రోగం కనిపెడతారు. ఈయన చెవులు పోయాక అరచేతితో కనిపెట్టడం నేర్చుకున్నారు. మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవారు. తర్వాత పానా అడిగేవారు. "మగ్గం ఆగే ముందు చెప్తది. మనకే ఇనే తీరిక ఉండది" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

ఆ అలవాటు ఇంట్లోనూ ఉండేది. నీళ్ల మోటారు మీద, మిక్సీ మీద, జ్వరం వచ్చిన పిల్లల వీపు మీద, దేని మీదైనా అరచెయ్యి పెట్టేవారు. మా హాలు గోడ వెనకే షెడ్డు. ఆయన కుర్చీలో కూర్చుని ఆ గోడకు చెయ్యి ఆనించి, "మూడో మగ్గంల షటిల్ తడబడుతున్నది, పోయి సూడు" అని మా ఆయన్ను లేపేవారు. వెళ్లి చూస్తే నిజమే అయ్యేది. మా ఆయన దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. నేను సోమవారం పొద్దున సోడా వేసి ఆ గోడ మీది నూనె మరక రుద్దేదాన్ని. సున్నం వేసిన గోడ మీద అయిదు వేళ్లు ఉన్నవి ఉన్నట్టు దిగేవి. ఒక్క వారం కూడా ఆ మరక మీద విసుక్కోకుండా లేను.

ఇక సినిమా సంగతి. ఎనిమిదేళ్ల కిందట, రాఖీ పున్నమి మరునాడు. మగ్గాలకు సెలవు. మా ఆయన అశోక్ చౌక్ దగ్గరి దుకాణం నుంచి వీసీఆర్, రంగుల టీవీ, మూడు క్యాసెట్లు ఒక రోజుకు అద్దెకు తెచ్చారు. మా వరుసలో అప్పటికి అది పెద్ద సంగతి. రెండు రోజుల ముందు నుంచే నేను పుస్తకంలో అన్నీ రాసుకున్నాను. ఏ సినిమా ఎప్పుడు మొదలుపెట్టాలి, మధ్యలో భోజనాలు ఎప్పుడు, ఏం వండాలి, ఎవరెవరు వస్తారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బొమ్మ గీసుకున్నాను. అత్తమ్మకు మంచం, బావగారికి చేతుల కుర్చీ, మగవాళ్లకు గోడ వెంట బల్ల, మా ఆడబిడ్డకూ ఇరుగుపొరుగు ఆడవాళ్లకూ చాపలు, పిల్లలకు ముందువరస. ఆ బొమ్మలో నేను లేను. లేనని గీసేటప్పుడు నాకు తట్టనే లేదు.

నాకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ మోకాళ్ల కింద నరాలు ఉబ్బి ఉంటాయి. ఎక్కువసేపు నిలబడితే కాళ్లు బండల్లా అవుతాయి. వేరే రోజుల్లో ఆయన వచ్చి గంట కూర్చుని పోయేవారు, నిలబడగలిగేదాన్ని. ఆ రోజు పొద్దున తొమ్మిదికే వచ్చారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి నాకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే, కాసేపు కూర్చోవడం. వంటింట్లో కూర్చోవచ్చు కదా అంటారు. అక్కడ కూర్చుంటే టీవీ కనపడదు. నా ఇంట్లో, నేను ఏర్పాటు చేసిన సినిమాను, నేను ఒక్కదాన్నే చూడకుండా ఉండాలా అని నా పంతం. అందుకే గడప దగ్గరే నిలబడ్డాను.

మొదటి రెండూ మామూలు తెలుగు సినిమాలు. వాటితో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. పప్పు కలపడానికి లోపలికి వెళ్లినా మాటలు, పాటలు వినపడుతుంటాయి. ఎవరు ఎవరిని తిడుతున్నారో, ఎప్పుడు కత్తి దూశారో గరిటె తిప్పుతూనే తెలుసుకోవచ్చు. బావగారిది దీనికి తలకిందులు. ఆయన అంతా చూసేవారు, ఏమీ వినపడేది కాదు. ప్రతి రెండు నిమిషాలకు "ఏమన్నడు? ఆమె ఏమన్నది?" అని మా అమ్మాయిని పొడిచేవారు. అది సగం చెప్పేది, సగం ఎగ్గొట్టేది. ఆ రెండు సినిమాలూ నేను విన్నాను, ఆయన చూశారు. ఇద్దరికీ సగం సగమే దక్కింది.

మూడో క్యాసెట్టు అత్తమ్మ కోసం. పౌరాణికం. డబ్బా మీద కిరీటాలు పెట్టుకున్న దేవుళ్ల బొమ్మ ఉంది. భోజనాలయ్యాక అందరినీ మళ్లీ కూర్చోబెట్టి పెట్టాం. లోపల దేవుడు లేడు. ఏదో దేశం సినిమా, తెలుపు నలుపుది, బాగా పాతది. మొదట మనకు రాని అక్షరాలు కాసేపు నడిచాయి. తర్వాత ఒక మైదానం. ఎంత దూరం చూసినా గడ్డే. గడ్డి పైన ఆకాశం. చెట్టు లేదు, ఇల్లు లేదు. దూరంగా ఒక చుక్క.

తప్పు క్యాసెట్టు వచ్చిందని ఎవరికీ అనుమానం రాలేదు. టాకీసులో అసలు సినిమాకు ముందు వార్తల రీలు వేస్తారు కదా, ఇది అదే అనుకున్నాం. అత్తమ్మ దండం పెట్టుకోవడానికి చేతులు కూడా సిద్ధం చేసుకుంది. "ముందుగాల వార్తల రీలు ఏస్తరు. ఆగుండ్రి, దేవుడు ఎనకనుంచి వస్తడు" అని పిల్లలను కసిరింది. మేమంతా బుద్ధిగా దేవుడి కోసం ఎదురుచూశాం.

ఆ చుక్క మెల్లగా మనిషయింది. ఒక ముసలాయన, ఆయన వెనక తాడుతో ఒక ఆవు. నేను లోపలికి వెళ్లి అంట్లు నానబెట్టి వచ్చేసరికి వాళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నారు. మళ్లీ వెళ్లి పాలు కాచి వచ్చాను, అప్పుడూ నడుస్తున్నారు. మధ్యలో మబ్బు వచ్చింది, పోయింది. ఒక వాగు ఒడ్డున ఆవు నీళ్లు తాగింది, కడుపు నిండే దాకా చూపించారు. మాట లేదు, పాట లేదు. పక్కింటామె "పాలియ్యని ఆవును కొనెటోడు దొరక్క దేశం తిరుగుతున్నట్టుండు" అంది. బల్ల మీంచి ఎవరో "వాడు ఆవును కాదు తోల్కపోయేది, మనల్ని" అన్నారు. మీట నొక్కి ముందుకు జరుపుదామంటే, నొక్కితే టేపు చిక్కుకుంటుందని దుకాణం అతను ముందే మా ఆయన చేత ఒట్టు పెట్టించుకున్నాడు. మార్చి తెద్దామంటే బయట వాన, దుకాణం సాయంత్రం దాకా తెరవడు.

ఈ గోల మధ్యలో బావగారు "ఏమన్నడు?" అన్నారు. మా అమ్మాయి "ఏమనలే పెద్దనాయినా" అని అరిచింది. కాసేపటికి మళ్లీ అడిగారు, అది మళ్లీ అదే చెప్పింది. ఆయనకు కోపం వచ్చింది. "సెప్పబుద్ధి గాకుంటె గట్లను. ఏమనకుంట సినిమా ఎట్లుంటదే?" అని లేచారు. టీవీ దగ్గరికి వెళ్లి చెక్క పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. అలాగే చాలాసేపు నిలబడ్డారు. పిల్లలు బొమ్మ కనబడడం లేదని అరుస్తున్నారు. ఆయన ఇటు తిరిగినప్పుడు మొహం చూశాను. ఇన్నేళ్లలో అంత విప్పారిన మొహం ఆయనకు నేను చూసింది లేదు.

"అరె, నిజంగనే ఎవ్వలు మాట్లాడ్తలేరు" అన్నారు. తర్వాత, కుర్చీలో కూర్చుంటూ, "ఇయ్యాల మీరు నేను ఒక్కతీరు" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు పెట్టి చూస్తూ ఉండిపోయారు. అప్పటికి ఇది వార్తల రీలు కాదని, దేవుడు రాడని అందరికీ తేలిపోయింది. ఒక్కొక్కరే లేచారు. ఇరుగుపొరుగు వాళ్లు నా మీద నిష్ఠూరంగా చూస్తూ కొంగులు నెత్తిన కప్పుకుని వానలో ఇళ్లకు పోయారు. పోయి చేసే పనేం లేకపోయినా పోయారు. రెండు రోజులు కూర్చుని రాసుకున్న ఏర్పాటంతా అలా ఖాళీ చాపలు మిగిల్చి పోయింది. మా ఆయన షెడ్డులోకి వెళ్లి నూలు మూటల మీద పడుకున్నారు. మా ఆడబిడ్డ వెళ్లిపోయింది. మా అమ్మాయి చాప మీదే నిద్రపోయింది. అత్తమ్మ మంచం మీద గోడవైపు తిరిగి కునుకు తీస్తోంది. హాలులో కుర్చీలో ఆయన, గడప దగ్గర నేను.

నాకు మండిపోతోంది. ఆ ముసలాయన మీద, ఆవు మీద, క్యాసెట్టు మార్చిన దుకాణం అతని మీద. కాళ్లు లాగేస్తున్నాయి. వినడానికి ఏమీ లేదు కాబట్టి లోపలికి వెళ్తే సినిమా ఆగిపోయినట్టే. చూస్తేనే సినిమా. చూడాలంటే నిలబడాలి. ఇంత చేసి చూసేదేమిటంటే గడ్డి. అయినా ఎందుకో వెళ్లలేకపోయాను. గాలి ఎక్కడో దూరాన మొదలై, గడ్డిని వంచుకుంటూ, గీతలు గీతలుగా, మెల్లగా మా వైపు వచ్చేది. అది వచ్చి ఆవు చెవులను తాకేదాకా నేను ఊపిరి బిగబట్టి చూశానని తర్వాత తెలిసింది.

"గాలి సప్పుడు గిట్ల ఉంటుండె" అన్నారు ఆయన. మా అమ్మాయి నిద్రపోతోంది. అది ఎవరితో అన్న మాటో నాకు తెలియదు.

అప్పుడు తెరమీద ముసలాయన ఆగాడు. ఆవు ముందుకాళ్లు మడిచి, తర్వాత వెనక కాళ్లు మడిచి గడ్డిలో పడుకుంది. ఆయన దాని పక్కన కూర్చుని, దాని పొట్టకు వీపు ఆనించుకున్నాడు. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు. బావగారు ఆ బొమ్మ మీంచి కళ్లు తీసి వెనక్కి తిరిగారు. నన్ను చూశారు. నా మొహం కాదు, నా కాళ్లు. నేను ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాను. ఎప్పటి నుంచి గమనిస్తున్నారో.

"ఆవు సుత కూసున్నది. నువ్వెందుకు నిలబడ్డవు బిడ్డా? కూసో" అన్నారు.

ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆఖరిది కూడా అదే. మెల్లగా అని ఉంటే నేను కూర్చునేదాన్నేమో. ఇది ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ చెవుడున్న మనిషికి మెల్లగా అనడం ఎలా వస్తుంది? ఆయన అరిచారు. అంత మంచి మాటను మగ్గాల షెడ్డులో పానా అడిగినట్టు అరిచారు. అత్తమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏందిరా, ఎవల్ని కూసోమంటున్నవు?" అంది. ఆయనకు అది వినపడలేదు. నన్నే చూస్తున్నారు. అత్తమ్మ కూడా నన్నే చూసింది.

నేను కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. లోపల కడిగిన పళ్లాలనే మళ్లీ కడిగాను. కాసేపటికి టీవీ కట్టేసిన చప్పుడు వినపడింది. "బస్ ఇగ, ఇడిచిపెట్టు" అని బావగారు అంటున్నారు, అత్తమ్మతో కాబోలు. గొడుగు తీసుకుని వానలోనే వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక నేను వచ్చి ఆ చేతుల కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఆరిపోయిన టీవీ, నల్లటి అద్దం. ఆ ముసలాయన ఆవును ఎక్కడికి తీసుకుపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన తర్వాత ఒకసారి ఆ క్యాసెట్టు కోసం దుకాణంలో అడిగారు. ఎవరో కాలేజీ సారు ఎక్కించి పెట్టుకున్నదట, పొరపాటున ఆ డబ్బాలో పడిందట. అప్పటికే దాని మీద ఎవరిదో పెళ్లి వీడియో ఎక్కించేశారు.

ఆ తర్వాతి ఆదివారం బావగారు వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం లోపల, గోడకు భుజం ఆనించి నిలబడ్డారు. అత్తమ్మ కూర్చోమంది. "పనున్నది, పోవాలె" అన్నారు. చాయ్ నిలబడే తాగారు. తల్లితో మాట్లాడారు, మందులు ఇచ్చారు, వెళ్లారు. ఆ పై ఆదివారమూ అంతే. తర్వాత అదే అలవాటైంది. ఆ రోజు నుంచి ఆయన మా ఇంట్లో కూర్చోలేదు. నేను వంటింటి గడప దగ్గర, ఆయన వీధి గుమ్మం దగ్గర. మధ్యలో ఖాళీ కుర్చీ. నిలబడి ఉన్న మనిషికి చాయ్ ఇవ్వడం, పలహారం పెట్టడం ఎంత ఇబ్బందో ఆడవాళ్లకు తెలుస్తుంది. పళ్లెం ఎక్కడ పెట్టాలి? ఈ మనిషికి నా మీద ఇంత కోపమెందుకు, నేను చేసిన తప్పేమిటి అని లోపల లోపల రగిలిపోయేదాన్ని. కూర్చుంటే అత్తమ్మ ఊరుకునేదా? కూర్చోకపోతే ఈయన ఊరుకోరా? ఇద్దరి మధ్య నేను ఏం చేయాలి?

అత్తమ్మ మాత్రం ఆ సంగతిని తను బతికి ఉన్నంత కాలం గొప్పగా చెప్పుకుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఎవరి కోడలి మాట వచ్చినా, "మా కోడలు బావ కూసోమన్నా కూసోలే" అనేది. వాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూసేవారు. నాకు సంతోషంగానే ఉండేది. ఇది దాచి లాభం లేదు, ఉండేది.

మూడేళ్ల కిందట అత్తమ్మ పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో నన్ను కూర్చోవద్దనేవాళ్లు లేరు. తల్లి పోయినా ఆయన ఆదివారాలు రావడం మానలేదు. తమ్ముడిని చూసి, షెడ్డులో ఒకసారి తిరిగి, గుమ్మం దగ్గర నిలబడి చాయ్ తాగి వెళ్లేవారు. ఆయన వయసు డెబ్బై దగ్గరికి వచ్చింది. చాయ్ తాగే ఆ కాసేపు కూడా తలుపు చెక్క పట్టుకుని నిలబడేవారు. ఈ మూడేళ్లలో ఒక్క ఆదివారం నేను ముందుగా కింద కూర్చుని ఉంటే ఏమయ్యేది? నన్ను ఎవరు ఆపారు? పద్ధతి అని రాస్తే అబద్ధమవుతుంది.

పదో రోజు కుంఠా నాకాలో భోజనాలయ్యాక ఆడవాళ్లం ఒక దగ్గర చేరాం. మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుని అందరికీ వినపడేలా అంది, "మా అన్నకు మర్యాద ఇచ్చింది అంటె మా వదినె ఇచ్చింది. ఆయన ముంగట ఒక్కనాడు కూసున్నది లేదు." అందరూ తలలూపారు. నాకు అక్కడ నుంచి లేచి పోవాలనిపించింది. కానీ ఆమె ప్రేమగానే అంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక మా ఆయనకు అన్నం పెడుతూ అడిగాను. మీ అన్నకు ఆ సినిమా నాటి కోపం చివరిదాకా పోలేదు కదా అని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగారు.

"కోపమేంది? 'నేను కూసుంటె ఆమె నిలబడాలె, నిలబడుడు నాకైతె అలవాటే' అన్నడు గద అన్న."

"ఎప్పుడు?"

"అప్పుడే. ఆ వారమే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అండ్ల సెప్పేదేమున్నది?" అని ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

నేను గిన్నె కింద పెట్టేశాను. ఆ రోజు మా ఆయనకు మజ్జిగ పోయలేదు. ఎనిమిదేళ్లు. ఒకే ఇంట్లో బావగారూ నేనూ ఎదురెదురుగా నిలబడే ఉన్నాం. ఆయన నా కాళ్ల కోసం నిలబడ్డారు. నేను ఆయన కోపానికి భయపడి, దాని మీద నా కోపం పెంచుకుని నిలబడ్డాను. మధ్యలో ఉన్న ఒక మనిషి అది చెప్పదగిన సంగతే కాదనుకున్నాడు. ఎవరి మీద అరవాలో తెలియక గిన్నెలు తోముకుంటూ ఉండిపోయాను.

ఆ మంగళవారం సంగతి మధ్యలో వదిలేశాను. అది పూర్తి చేసి ముగిస్తాను.

మేము కుంఠా నాకా చేరేసరికి ఆయన్ను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. తెల్లటి పంచె కప్పారు. చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. నేను లోపలికి అడుగుపెట్టి, ఆయన మొహం కనపడగానే, అలవాటుగా తలుపు పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ వాడ ముసలమ్మ ఒకామె, నేను ఆయనకు ఏమవుతానో ఆమెకు తెలియదు, నా కుచ్చిళ్లు పట్టి లాగింది.

"నిలబడ్డవేంది బిడ్డా, కూసో" అంది. మెల్లగానే అంది.

కూర్చున్నాను. ఆయన పాదాల వైపు చోటు దొరికింది. కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను, తర్వాత నొప్పి పెడితే ఒక కాలు చాపుకున్నాను. కింద కూర్చుంటే వాకిలి తలుపులోంచి బయట చాలా దూరం కనపడుతోంది. వరుసగా రేకుల కప్పులు, వాటి పైన ఆకాశం. ఒక మబ్బు నీడ చివరి కప్పు మీద నుంచి బయలుదేరింది. ఒక్కొక్క కప్పే దాటుకుంటూ, ఏ తొందరా లేకుండా వచ్చింది. వాకిట్లోకి వచ్చి, గడప దాటి, ఆయన మీద కప్పిన పంచె మీదికి, నా చాపిన కాలి మీదికి వచ్చింది. కాసేపు మా ఇద్దరి మీదా ఉంది. తర్వాత జరిగి ఎండ వచ్చింది. దూరంగా ఆ చివరి కప్పు మీద ఇంకో నీడ మొదలైంది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను.